వంటింటి ఓవెన్‌లో కాల్చిన మీటర్ ప్యానెల్

ఇంట్లో పాత యాంప్లిఫయర్ ఉంటే దాని ముందు రేకు ఒకసారి చూడండి. వాల్యూమ్ నాబ్ చుట్టూ అంకెలు సగం అరిగిపోయి ఉంటాయి. పర్లేదు, చెవితో సర్దుకుంటాం. అదే కొలిచే పరికరమైతే? గీత అరిగిందంటే కొలత పోయినట్టే. మరి లోహం మీద అక్షరం నిలబడేదెలా?

1939 ప్రాంతానికి వెళ్దాం. అమెరికాలోని పాలో ఆల్టో, అడిసన్ అవెన్యూ, 367 నంబర్ ఇల్లు. ఆ ఇంటి గ్యారేజీలో బిల్ హ్యూలెట్, డేవ్ ప్యాకర్డ్ 200ఏ అనే ఆడియో ఆసిలేటర్ తయారు చేస్తున్నారు. ధర 54 డాలర్ల 40 సెంట్లు. ప్యానెల్‌కి కొట్టిన రంగు గట్టిపడాలంటే వేడిలో కాల్చాలి. ఫ్యాక్టరీ బట్టీ ఎక్కడిది? ప్యాకర్డ్ వంటింటి ఓవెన్‌లోనే పెట్టేశారు! ఆ తర్వాత అందులో వండిన మాంసానికి మునుపటి రుచి రాలేదని ఆయన భార్య లూసిల్ అనేవారట. ఇక డయల్ మీద గీతలకి ఓ సాదాసీదా ఎన్‌గ్రేవింగ్ మెషిన్ వాడారు.

చెక్కిన గాడిలో రంగు నింపితే వేలు ఎంత రుద్దినా అది చెక్కుచెదరదు. కానీ ఒక్కో అక్షరం విడిగా చెక్కాలి. డిస్నీ వాళ్లు కొన్నది 8 ఆసిలేటర్లు, సరే. 800 అయితే చేతులు పడిపోతాయి.

అక్కడే స్క్రీన్ ప్రింటింగ్ గెలిచింది. 1907లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కి చెందిన శామ్యూల్ సైమన్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మన ఊళ్లలో శుభలేఖలు వేసే పద్ధతే ఇది. జాలీ మీద స్టెన్సిల్, పైన ఇంకు, ఒక్క లాగుడు, ప్యానెల్ మొత్తం రెడీ. రంగుకో స్క్రీన్ కావాలి, కాబట్టి ఒక్క ముక్క కోసమైతే దండగ. ఇంకో చిక్కు, ఇంకు పైపైనే కూర్చుంటుంది. చెమట వేళ్లు, స్పిరిట్ గుడ్డ కలిసి మెల్లగా దాన్ని తినేస్తాయి.

నాకు బాగా నచ్చింది మూడో దారి. 1923లో బ్రిటన్‌లో సీప్లేన్ భాగాలు ఉప్పునీటికి తుప్పు పట్టకుండా అనోడైజింగ్ మొదలుపెట్టారు. అల్యూమినియం మీద కరెంటుతో గట్టి ఆక్సైడ్ పొర పెంచడమన్నమాట. తర్వాత తేలిందేంటంటే, ఆ పొర నిండా కంటికి కనపడని రంధ్రాలు చేయొచ్చు. వాటిలోకి వెండి సమ్మేళనం ఎక్కిస్తే రేకే ఫోటో ఫిల్మ్ అయిపోతుంది! నెగటివ్ పెట్టి వెలుగు చూపించి, డెవలప్ చేసి, మరిగే నీళ్లతో రంధ్రాలు మూసేస్తారు. అక్షరం పొర లోపలే ఉండిపోతుంది, గోరుతో గీకినా రాదు.

అయితే రేకు ముందే అనోడైజ్ అయి వస్తుంది. తర్వాత నాబ్ కోసం డ్రిల్ చేస్తే రంధ్రం అంచున పచ్చి లోహం బయటపడుతుంది. సముద్రపు గాలి తగిలే చోట తుప్పు మొదలయ్యేది అక్కడే. ఒకటో రెండో ప్యానెళ్లు చేసేవాళ్లకి నేనైతే ఇప్పటికీ ఎన్‌గ్రేవింగే చెప్తా.