ఇల్లు మనది, స్థలము పరులది: స్వేచ్ఛా సాఫ్టువేరు చరిత్రలో ఒక తగవు

రాజుల యుద్ధములు శాసనముల కెక్కినవి. పనివాండ్ర తగవులు మాత్రము చాలవరకు వారితోడనే మాసిపోవును. అయినను కొన్ని తగవులు గెలుపోటములకన్న విలువైన ఫలమును లోకమునకు మిగిల్చిపోవును. కంప్యూటరు తెరపై కనబడు బొమ్మలు, మీటలు, పట్టికలు ఎవరి సొత్తు అను ప్రశ్నపై 1996 మొదలు 2000 వరకు జరిగిన వివాదము అట్టిది. దాని కథ నిచట స్మరింతము.

కంప్యూటరును నడుపు ఆదేశముల సముదాయమునకు సాఫ్టువేరని పేరు. పెక్కు సంస్థలు దాని మూలపాఠమును రహస్యముగా నుంచి, వాడుకను మాత్రమే విక్రయించుచుండును. ఇది తగదనియు, సాఫ్టువేరును వాడుటకు, చదువుటకు, మార్చుటకు, పంచుటకు ఎల్లరకును హక్కుండవలెననియు అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ‘గ్నూ’ అను ఉద్యమమును ప్రకటించెను. తాను పొందిన స్వేచ్ఛను తరువాతివానికిని అట్లే అందింపవలెనను నియమముతో 1989లో జి.పి.ఎల్. అను లైసెన్సు వెలువడెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించుటతో ఈ కృషికి నిండుదనము కలిగెను. కాని అది పండితుల పనిముట్టుగనే యుండెను. ఒక్కొక్క కార్యక్రమమునకు ఒక్కొక్క తీరు మీటలు, ఒక్కొక్క తీరు పట్టికలు. సామాన్యుడు దానిచెంత నిలువజాలకుండెను.

ఈ కొరతను తీర్పనెంచినవాడు జర్మనీలోని త్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మత్తియాస్ ఎట్రిచ్. 1996 అక్టోబరు 14వ తేదీన ఆయన తోడివారికి పిలుపునిచ్చెను. సామాన్య వినియోగదారునికి పనికివచ్చునట్లు, తెరపై నున్న సమస్తమును ఏకరూపముగా తీర్చు డెస్క్‌టాపును కలసి నిర్మింతమనెను. కె.డి.ఇ. పుట్టుక ఇది. పని త్వరగా సాగుటకై వారు నార్వే దేశపు ట్రోల్‌టెక్ సంస్థ రచించిన ‘క్యూట్’ అను ఉపకరణ సముదాయమును గైకొనిరి. అది పనితనము గలది. స్వేచ్ఛా సాఫ్టువేరు వ్రాయువారికి ఉచితము. మూలపాఠమును చదువుకొనవచ్చును. కాని దానిని మార్చి, మార్చిన ప్రతిని పదిమందికి పంచుటకు ఆనాటి లైసెన్సు ఒప్పుకొనదు.

తగవు ఇచటనే పుట్టినది. ఇల్లు మనము కట్టితిమి. ఇటుక ఇటుకయు మన చెమటయే. కాని స్థలము పరులది. నేడు అద్దె అడుగుట లేదు. రేపు స్థలము చేతులు మారినచో మన గోడలగతి యేమి? విమర్శకుల ప్రశ్న ఇదియే. కె.డి.ఇ. వారి సమాధానమును తేలికగా త్రోసివేయరాదు. ‘మేము వ్రాసినదంతయు జి.పి.ఎల్. క్రిందనే ఇచ్చుచున్నాము. పునాదిని మొదటినుండి వ్రాయ కూర్చున్నచో సంవత్సరములు గడచును, అంతవరకు సామాన్యునికి దిక్కెవరు?’ అనునది వారి వాదసారము.

విమర్శకులు మాటలతో నూరకుండలేదు. క్యూట్‌కు బదులు ‘హార్మనీ’ అను స్వేచ్ఛా ఉపకరణమును వ్రాయుటకు కొందరు పూనుకొనిరి. 1997 ఆగస్టులో మెక్సికో దేశపు యువకులు మిగుయేల్ డి ఇకాజా, ఫెదెరికో మేనా ‘గ్నోమ్’ అను రెండవ డెస్క్‌టాపును ప్రకటించిరి. కాలిఫోర్నియా విద్యార్థు లిరువురు ‘గింప్’ అను చిత్రలేఖన సాఫ్టువేరుకై నిర్మించిన జి.టి.కె. దీనికి పునాది. 1998 జూలైలో కె.డి.ఇ. మొదటి కూర్పు వెలువడెను. అదే అక్టోబరులో, జి.పి.ఎల్. నియమమునకును క్యూట్ లైసెన్సుకును పొత్తు కుదరదని చెప్పి, డెబియన్ సంఘము తన సంపుటినుండి కె.డి.ఇ.ని తొలగించెను. ఫలాపేక్ష లేక పనిచేసినవారికి ఇది ఎంతటి మనస్తాప కారణమో ఊహింపవచ్చును.

ఈ ఒత్తిడికి ట్రోల్‌టెక్ క్రమముగా లొంగెను. 1998లో కె.డి.ఇ. వారితో కలసి ఒక ప్రతిష్ఠానమును స్థాపించెను. సంస్థ స్వేచ్ఛా ప్రతిని వెలువరించుట మానినచో, క్యూట్‌ను అందరకును విడిచిపెట్టు అధికారము ఆ ప్రతిష్ఠానమునకు సంక్రమించును. 1999లో లైసెన్సును సడలించెను. తుదకు 2000 సెప్టెంబరులో క్యూట్‌ను జి.పి.ఎల్. క్రిందనే వెలువరించెను.

తగవు తీరినట్లే కదా! కాని తీరలేదు. ఆ నెలలోనే స్టాల్‌మన్ ఒక వ్యాసము వ్రాసెను. ఇతరుల జి.పి.ఎల్. రచనలను కె.డి.ఇ.లో చేర్చుకొన్నందున, గతమునకై ఆ రచయితల మన్నింపు కోరుట మేలనెను. తమ సంస్థ రచనలకు సంబంధించి మన్నింపును ప్రసాదించెను కూడ. ధర్మశాస్త్ర దృష్టితో అది సరియే కావచ్చును. కాని నాలుగేండ్లు రాత్రులు మేల్కొని పనిచేసినవారికి అది పుండుపై కారమయ్యెను. గెలిచినవాడు గెలుపుతో తృప్తినొందనిచో, రాజీకూడ అవమానముగ తోచును.

తరువాతి తగవులు నిర్మాతలకును వాడుకరులకును నడుమ పుట్టినవి. 2008లో కె.డి.ఇ. నాలుగవ కూర్పు అసంపూర్ణముగా వచ్చినదని గగ్గోలు లేచెను. టోర్వాల్డ్స్ సైతము దానిని విడిచి గ్నోమ్‌కు మరలెను. 2011 ఏప్రిలులో గ్నోమ్ మూడవ కూర్పు పాత పద్ధతులను మార్చివేయగా ఆయన దానిని కూడ తిట్టి కొంతకాలము దూరమయ్యెను. పాతదే మేలనువారు ‘మేట్’ అను పేర వేరు కాపురము పెట్టిరి. మన ఉమ్మడి కుటుంబములలో పంపకము జరిగినచో పొలము చిన్నదగును. ఇచట పొలము చిన్నది కాదు, ఇరువురకును మొత్తము పొలము దక్కును. చీలునది దున్ను చేతులు మాత్రమే. నష్టము చిన్నది కాదు. కాని విడిపోవు హక్కే లేనిచో నిర్మాత మాటకు ఎదురుండదు.

మరి ఈ తగవువలన ఒరిగినదేమి? ట్రోల్‌టెక్ 2008లో నోకియా చేతికి, 2012లో క్యూట్ డిజియా చేతికి పోయెను. స్థలము చేతులు మారవచ్చునన్న భయము నిజమైనది. అయినను ఇల్లు కూలలేదు, 1998నాటి ఒడంబడిక యజమానులను మించి నిలిచినది. విమర్శకుల పట్టుదల లేనిచో ఆ పత్రము పుట్టియుండునని మేము తలపము. కె.డి.ఇ. వారి తొందర లేనిచో రక్షింపదగిన ఇల్లే యుండెడిది కాదు. 2009లో ఇరుపక్షములవారును స్పెయిను ద్వీపమగు గ్రాన్ కనారియాలో తమ వార్షిక సమావేశములను ఒకేచోట జరుపుకొనిరి.

ఈ రెండు డెస్క్‌టాపులను తెలుగులోనికి తెచ్చుటకు మనవారును పాటుపడిరి. మూలపాఠమును మార్చి పంచు హక్కు కలదు గనుకనే వారికి ఏ కంపెనీ గడపయు త్రొక్కవలసిన అవసరము రాలేదు. తెరపై ‘దాచు’, ‘తెరువు’ అను తెలుగుమాటలను చదువు పిల్లవానికి ఎట్రిచ్ పేరుగాని ఇకాజా పేరుగాని తెలియనక్కరలేదు. కాని ఆ మాటలు అచటికి వచ్చుటకు వలసిన హక్కును ఎందరో వాదించి, నొచ్చుకొని, నిలుపుకొనిరని పెద్దలమైన మనము ఎరిగియుండుట మంచిది.