సముద్రం దాటిన సిపాయిల జాడ: మొదటి ప్రపంచయుద్ధ సైనికపత్రాలు – కుటుంబస్మృతి

కీలకపదాలు: సైనికచరిత్ర, కుటుంబస్మృతి, మద్రాసు ప్రెసిడెన్సీ, బస్రా స్మారకం, ఇంటిపేరు.

1. ఉపోద్ఘాతం

మొదటి ప్రపంచయుద్ధకాలంలో (1914–1918) భారతదేశం నుండి పది లక్షలకు పైగా సైనికులు, సహాయక సిబ్బంది విదేశ రణరంగాలకు వెళ్లారు. 74,000 మందికి పైగా భారతసైనికులు ఆ యుద్ధంలో మరణించారు. వారిలో తమ పూర్వికుడు ఒకడున్నాడని తెలిసిన కుటుంబాలు నేడు అతని జాడ వెతుక్కుంటున్నాయి. ఆ అన్వేషణకు లభించే ఆధారాలను, వాటి పరిమితులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ‘స్వచ్ఛంద’ సైనికుడు

బ్రిటన్ 1916లో నిర్బంధ సైనికసేవను చట్టం చేసింది. భారతీయులకు అటువంటి చట్టం లేదు. ఆ అర్థంలో ఇక్కడి సిపాయిలందరూ స్వచ్ఛందంగా చేరినవారే. అయితే నెలకు 11 రూపాయల జీతం పేదరైతు కుటుంబానికి ఆధారం. పంజాబులో అధికారుల ఒత్తిడి కూడా తీవ్రంగా పనిచేసింది. కనుక ‘స్వచ్ఛందం’ అనే మాటను చట్టపరమైన అర్థంలోనే గ్రహించాలి. ఒక్కొక్కరి ఇష్టానిష్టాలను అది చెప్పదు.

‘యుద్ధజాతుల’ సిద్ధాంతం వల్ల మద్రాసు ప్రెసిడెన్సీలో సైనికనియామకాలు అప్పటికే తగ్గాయి. అయినా మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్ మెసపొటేమియాలో సేవలందించింది. 61వ పయనీర్స్, 63వ పాలంకోట పటాలాలు 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా వద్ద పోరాడాయి. ‘మిలటరీ మాధవరం’గా పేరొందిన పశ్చిమ గోదావరి జిల్లా గ్రామం ఈ సైనికసంప్రదాయాన్ని నేటికీ గుర్తుచేస్తున్నది.

3. ఆధారాలు

మొదటి ఆధారం తరచుగా ఇంటిలోనే ఉంటుంది. యుద్ధపతకం అంచుమీద సైనికుని సంఖ్య, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. బ్రిటిష్ యుద్ధపతకం సాధారణంగా వెండిది. కూలీదళాల వారికి కంచుపతకం ఇచ్చారు. అందువల్ల లోహాన్ని బట్టే ఆ వ్యక్తి సేవాస్వభావాన్ని కొంతవరకు ఊహించవచ్చు.

రెండవది కామన్వెల్త్ యుద్ధసమాధుల సంస్థ జాబితా. మరణించినవారి వివరాలలో చాలాచోట్ల తండ్రి పేరు, గ్రామం, జిల్లా కనిపిస్తాయి. లాహోరు మ్యూజియంలోని 26,000 పుటల రిజిస్టర్లలో సుమారు 3,20,000 మంది పంజాబు సైనికుల వివరాలున్నాయి. వాటిలో కొంతభాగం 2021లో అంతర్జాలంలోకి వచ్చింది.

తెలుగు కుటుంబాల అన్వేషణలో రెండు చిక్కులున్నాయి. మొదటిది పేరు. ఇంటిపేరు నమోదు కాని పత్రంలో ‘వెంకటస్వామి’ అనేకులలో ఒకడు. రోమన్ లిపిలో అది ‘వెంకటసామి’గానూ మారవచ్చు. రెండవది జిల్లా. నేటి పశ్చిమ గోదావరి ప్రాంతంలో అధికభాగం 1925 వరకు కృష్ణాజిల్లాలో ఉండేది. నేటి జిల్లాపేరుతో వెతికేవారికి ఆనాటి సిపాయి దొరకడు.

4. పేరు లేని స్మారకం

ఫ్రాన్సులోని నవ్ షపెల్ స్మారకం (1927) మీద 4,700 మందికి పైగా భారతసైనికుల పేర్లున్నాయి. ఇరాక్‌లోని బస్రా స్మారకం (1929) కథ వేరు. అక్కడి ఫలకాల మీద బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. సామాన్య సిపాయిలను మాత్రం పటాలం కింద ఒక సంఖ్యగా చూపారు. వారి పేర్లు గ్రంథరూప జాబితాకే పరిమితమయ్యాయి. ఈ అసమానతను ఆ సంస్థ నియమించిన సంఘం 2021లో అంగీకరించింది. ఆఫ్రికా, ఆసియా ప్రాంతాలకు చెందిన కనీసం 1,16,000 మందికి పేరుతో స్మరణ లభించలేదని, లేదా అసలు స్మరణే లభించలేదని నివేదించింది.

5. ముగింపు

సైన్యం వద్ద సంఖ్య, పటాలం, మరణతేది ఉన్నాయి. కుటుంబం వద్ద ఇంటిపేరు, బంధుత్వం, నోటిమాటగా వచ్చిన కథ ఉన్నాయి. ఒకదానిని విడిచి మరొకటి ఆ మనిషిని పూర్తిగా గుర్తించలేదు. వృద్ధుల జ్ఞాపకాలు, పతకాలు, పాత గ్రామనామాలు ఈ తరంతోనే చెదిరిపోయే ప్రమాదం ఉంది. వాటిని ఇప్పుడే నమోదు చేస్తే, బస్రా ఫలకం మీద సంఖ్యగా మిగిలిన సిపాయికి కనీసం తన ఊరిలోనైనా పేరు తిరిగి దక్కుతుంది.