గాలిలో కాలమును పంపుట

1833లో గ్రీనిచ్ వేధశాల కప్పుపై ఒక స్తంభమునకు పెద్ద గోళమును అమర్చినారు. ప్రతిదినము మధ్యాహ్నము సరిగా ఒంటిగంటకు అది క్రిందికి జారేది. థేమ్సు నదిలోని ఓడలవారు దానిని చూచి గడియారములను సరిచేసుకొనేవారు. కాంతి ద్వారా కాలమును పంపుట క్రొత్త విద్య కాదన్నమాట.

పొగమంచులో గోళము కనబడదు. అందుచేత ఎడింబరోలో 1861 నుండి ఒంటిగంటకు ఫిరంగి పేల్చసాగినారు. కాని ధ్వని ఒక కిలోమీటరు పోవుటకు సుమారు 3 సెకనులు పట్టును. ఏ చోట ఎన్ని సెకనులు తగ్గించుకొనవలెనో చూపు పటము కూడ అచ్చువేసినారు. కబురు దారిలో గడిపిన కాలమును లెక్కించక తప్పదు. నేటి చిక్కు కూడ ఇదే.

కాంతి తరంగములపై ఆధారపడిన నేటి పరమాణు గడియారములను 18 అంకెల వరకు పోల్చవచ్చును. ఒకదానిని ఒక్క సెంటీమీటరు పైకెత్తినచో, ఐన్‌స్టైన్ సిద్ధాంతము ప్రకారము అది కించిత్తు త్వరగా నడచును. ఆ భేదము 18వ అంకెలో కనబడును. కనుక దూరదూరముగా ఉన్న గడియారములను పోల్చి ఆ స్థలముల ఎత్తులను కొలువవచ్చును. సెకనుకు క్రొత్త నిర్వచనము చెప్పుటకు కూడ ఈ పోలికే అవసరము. ఇంతటి సూక్ష్మతకు ఉపగ్రహముల రేడియో సంకేతములు చాలవు. లేసరు కాంతి కావలెను.

కాని ఎండవేళ దూరపు వస్తువులు అల్లలాడినట్లు కనబడుట మనమెరిగినదే. గాలి అట్లు కదలుటచే కాంతి ప్రయాణకాలము క్షణక్షణము మారును.

అమెరికాలోని బౌల్డరులో శాస్త్రజ్ఞులు 2013లో 2 కిలోమీటర్ల గాలిలో దీనికి ఉపాయము చూపినారు. రెండు వైపులనుండి ఒకేసారి లేసరు స్పందనలను పంపినారు. ప్రయాణమునకు 5 మాత్రలు పట్టుననియు, రెండవ గడియారము 2 మాత్రలు ముందున్నదనియు అనుకొందము. రెండవచోట 7, మొదటిచోట 3 నమోదగును. భేదము 4, అందులో సగము 2. ప్రయాణము 9 మాత్రలైనచో 11, 7 వచ్చును. సగము మరల 2 మాత్రమే. రెండు కిరణములకును గాలి ఒక్కటే గనుక దాని దోషము కొట్టివేయబడినది. కొంతసేపటి సగటులో మిగిలిన లోపము సెకనులో పదికోట్ల కోట్లవ వంతు కంటె తక్కువ. అంత కాలములో కాంతి వెంట్రుక మందములో నూరవ వంతైనా పోలేదు!

2022లో చైనా శాస్త్రజ్ఞులు 113 కిలోమీటర్లు సాధించినారు. 2023లో హవాయిలోని మౌనా లోవా శిఖరమునుండి హలియాకలాపైని అద్దమునకు పోయి తిరిగివచ్చు 300 కిలోమీటర్ల దారిలో అమెరికావారు విజయము పొందినారు. వారు పంపిన కాంతి శక్తి 40 మైక్రోవాట్లే. ఉపగ్రహమునకు కాలమును ఇట్లే పంపుట ఇక వారి లక్ష్యము.

థేమ్సులోని నావికుడు గోళమును చూచి ఊరకుండెను. నేటి గడియారము మాత్రము తన కబురును తిరిగి పంపుచున్నది. దారి చేసిన మోసము ఆ జవాబుతోనే బయటపడుచున్నది.