ఎవరికి ఏ సెలైన్?

1832 మే నెల. స్కాట్లాండ్‌లోని లీత్ రేవులో కలరా. అప్పటి వైద్యులు చేసేది నరం కోసి నెత్తురు తీయడం, విరేచనాల మందు పట్టించడం. ఒంట్లో నీరంతా పోయినవాడికి ఉన్నది కూడా పోగొట్టే వైద్యం! అంతకు ముందు ఏడాది చివర్లో విలియం ఓషాగ్నెసీ అనే 22 ఏళ్ల కుర్ర డాక్టరు కలరా రోగుల రక్తం పరీక్షించి, అందులో నీరూ ఉప్పూ తగ్గిపోతున్నాయని చెప్పాడు. ఆ మాట పట్టుకుని లీత్‌లో డాక్టర్ థామస్ లట్టా, ఇక బతకదనుకున్న ఒక వృద్ధురాలి చేతి నరంలోకి ఉప్పునీరు ఎక్కించాడు. అరగంటలో 6 పింట్లు, అంటే మూడు లీటర్ల పైమాటే. లోతుకు పోయిన కళ్లలో కళ వచ్చింది, నాడి అందింది. ఆమె హాస్యాలాడింది కూడా. కాస్త కునుకు పడితే చాలంది. ఆమెను ఆస్పత్రి సర్జన్‌కు అప్పగించి లట్టా వెళ్లాడు. వాంతులు, విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. మళ్లీ ఎక్కించినవాళ్లు లేరు. ఐదున్నర గంటల్లో ఆమె పోయింది. ఏది ఎక్కించాలన్నది తేలింది కానీ, ఎంత, ఎప్పటిదాకా అన్నది తేలలేదు.

1880ల్లో లండన్‌లో డాక్టర్ సిడ్నీ రింగర్ కప్ప గుండెలపై ప్రయోగాలు చేసి, గుండె కొట్టుకోవాలంటే ఉప్పు ఒక్కటే చాలదు, కాల్షియం, పొటాషియం కూడా కావాలన్నాడు. 1930ల్లో అమెరికాలో పిల్లల డాక్టరు అలెక్సిస్ హార్ట్‌మన్, విరేచనాలతో రక్తంలో ఆమ్లం పెరిగిన పసివాళ్ల కోసం రింగర్ ద్రావణంలో లాక్టేట్ కలిపాడు. మన నర్సులు ‘ఆర్‌ఎల్’ (రింగర్ లాక్టేట్) అనే సీసా అదే.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్లు నోటితోనే తాగించాడు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. సూదే అక్కర్లేని రోగులు ఎందరో అప్పుడు లోకానికి తెలిసింది. మన ఊళ్లకు మాత్రం ఇంకా పూర్తిగా తెలిసినట్టు లేదు. నీరసమంటే చాలు, ‘ఒక గ్లూకోజ్ ఎక్కించండి’ అంటాం. 5 శాతం గ్లూకోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, వంద కేలరీలు కూడా రావు. తలకు దెబ్బ తగిలినవాడికి అదే సీసా పెడితే రక్తంలో సోడియం పలచబడి మెదడు వాపు పెరగొచ్చు. గుండె, కిడ్నీ సరిగా పనిచేయనివాళ్లకు ఏ సీసా అయినా లెక్క చూసుకునే పెట్టాలి.

సెలైన్ ఎక్కిస్తే మేలే అన్న నమ్మకానికి అసలు దెబ్బ 2011లో తగిలింది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి వచ్చిన పిల్లల్లో కొందరికి వేగంగా సెలైన్ ఎక్కించి, మిగతావాళ్లకు అలా ఎక్కించకుండా చూశారు. రెండు రోజుల్లో ఎక్కించినవాళ్లలో నూటికి పదిమందికి పైగా, ఎక్కించనివాళ్లలో ఏడుగురు చనిపోయారు. పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. డెంగ్యూ వార్డుల్లోనూ ఇదే జాగ్రత్త: రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయేది ఒకటి రెండు రోజులే, తర్వాత అది తిరిగి నాళాల్లోకే చేరుతుంది. అప్పుడు కూడా సీసా వేలాడుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల పాళ్లు), మూత్రం, నాడి చూసుకుంటూ డాక్టర్లు చుక్కల వేగం తగ్గిస్తారు, వేళకు ఆపేస్తారు.