ఆ డిసెంబర్ 10

రీలు తిరుగుతోంది. నలుపు తెలుపు బొమ్మ. 1955 నవంబర్ 21, బాగ్దాద్.

ఆతిథ్యమిస్తున్న ఇరాక్ ప్రధాని నూరీ అల్ సయీద్. టర్కీ ప్రధాని మెండెరెస్. బ్రిటన్ విదేశాంగ మంత్రి మాక్‌మిలన్. పాకిస్తాన్ ప్రధాని చౌధురి మహమ్మద్ అలీ. వీళ్ల మధ్య ఒకాయన తలకు తెల్లటి కట్టు!

ఇరాన్ ప్రధాని హుస్సేన్ అలా. కొద్ది రోజుల కిందటే టెహ్రాన్ మసీదులో ఆయన్ని చంపబోయారు. గాయం మానలేదు. ఆ కట్టుతోనే వచ్చేశారు. అంత తొందరేమొచ్చింది?

అమెరికా పరిశీలకుడిగా పక్కన కూర్చుని చూస్తుండగా, టర్కీ నుంచి పాకిస్తాన్ దాకా సోవియట్ దక్షిణపు అంచు వెంట అయిదు దేశాలు సైనిక కూటమి కడుతున్నాయి, అందులో పాకిస్తాన్ చేతికొచ్చే తుపాకులు రేపు ఎటు తిరుగుతాయోనని ఢిల్లీకి గుబులు పట్టుకుంది. నిరుడు మనీలాలో సీటో కూటమి. ఇప్పుడు ఇది. నెహ్రూ ఏం చేస్తారు?

డిసెంబర్ 10. మాచర్ల. గుంటూరు నుంచొచ్చే మీటర్‌గేజి పట్టాలు ఇక్కడితో సరి. ఆ పైన నందికొండకు రోడ్డే. అంతా నాపరాళ్ల నేల. కృష్ణకు ఈ ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం, ఆ ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం. ఏరు పక్కనే పారుతున్నా పల్నాటి చేలకు వానే దిక్కు. నెహ్రూ ఆ నందికొండ దగ్గరే నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. రెండు రాష్ట్రాల ఉమ్మడి పని అది. ఆ రోజు ఇంకో మైకు కూడా మోగింది.

శ్రీనగర్‌లో. మాట్లాడింది సోవియట్ నేత క్రుశ్చేవ్. కశ్మీర్ భారతదేశంలో భాగమేనని, ఆ సంగతి కశ్మీరీలే తేల్చుకున్నారని బాహాటంగా చెప్పేశారు. బాగ్దాద్ ఎత్తుకు మాస్కో పైయెత్తు. కూటమిలో చేరకుండానే ఢిల్లీకి అండ దొరికింది.

మరి ఆ రీల్లో కనిపించినవాళ్లు?

1958 జులైలో ఇరాక్‌లో తిరుగుబాటు. నూరీని చంపేశారు. మరుసటేడు ఇరాక్ కూటమి నుంచి తప్పుకుంది. కూటమి పేరు సెంటోగా మారింది. 1961లో మెండెరెస్‌ను ఉరి తీశారు. 1979లో సెంటోయే మూతపడింది.

నందికొండ దగ్గర మాత్రం రాయి మీద రాయి లేచింది. యంత్రాలు తక్కువ. కూలీల చేతులే ఎక్కువ. నెత్తిన తట్టలు మోసి, 124 మీటర్ల ఎత్తున కట్ట నిలబెట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువని పేరు పెట్టారు. పల్నాట్లో వరి పండుతోందంటే ఆ నీళ్ల పుణ్యమే.