ములాఖాత్: మెహర్బానీయా, హఖ్‌ఖా?

ఉర్దూలో ఎవరు ఎవర్ని కలిసినా ములాఖాతే. ఈద్‌కు చుట్టాలింటికి వెళ్లినా, దోస్తుతో చాయ్ తాగినా అదే మాట. తెలుగు పేపర్లో పనికి చేరాక గమనించాను, ఇక్కడ ఆ మాటకు ఒక్క అర్థమే మిగిలింది. ‘ములాఖత్’ అంటే జైల్లో ఉన్నవాణ్ని ఇంటివాళ్లు చూసి రావడం.

ఆ అర్థం నాకు బచ్‌పన్‌లోనే తెలుసు. మా మామూ కొన్నాళ్లు లోపలున్నాడు. నానీమా నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది. దరఖాస్తు తెలుగులో రాయాలి. ఉర్దూ మీడియంలో చదివే నాకు వచ్చిన నాలుగు తెలుగు అక్షరాలే ఆమెకు దిక్కు. గంటల ఇంతెజార్ తర్వాత జాలీకి అటు మామూ, ఇటు మేము, చుట్టూ అందరి కేకలు. బయటికొస్తూ నానీమా గేటు దగ్గర సిపాయికి చేతులెత్తి ‘మెహర్బానీ సాబ్’ అనేది. అది నిజంగా మెహర్బానీయేనా?

అంగ్రేజుల 1894 జైళ్ల చట్టం 40వ సెక్షన్, శిక్ష పడని ఖైదీలను కలవడానికి తగిన వేళల్లో, తగిన ఆంక్షలతో ఏర్పాటు ఉండాలంటుంది. శిక్ష పడినవాళ్ల ఊసు ఆ సెక్షన్‌లో లేదు.

సర్కారు తలుచుకుంటే ఆ కాస్తా ఉండేది కాదు. 1942 ఆగస్టులో మౌలానా అబుల్ కలామ్ ఆజాద్‌ను అహ్మద్‌నగర్ ఖిల్లాలో బంధించారు. మన భోగరాజు పట్టాభి సీతారామయ్య కూడా ఆ ఖైదీల్లో ఒకరు. కలకత్తాలో మౌలానా బేగం జులేఖా జబ్బుపడ్డారు. సర్కారును అడగమని జైలు అధికారి సూచించినా మౌలానా అడగలేదు. 1943 ఏప్రిల్‌లో ఆమె ఇంతెఖాల్ అయ్యారు. 1945లో విడుదలై కలకత్తాలో దిగిన మౌలానా ముందుగా ఆమె ఖబర్ దగ్గరికే వెళ్లారు. అంతటి మనిషికి దక్కిన ములాఖాత్ అదే.

ఆజాదీ వచ్చాక కూడా ములాఖాత్ హఖ్ అని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ అనే బ్రిటిష్ ఔరత్‌ను 1979లో కాఫిపోసా చట్టం కింద విచారణ లేకుండా తీహార్‌లో పెట్టారు. ఆమెకు అయిదేళ్ల కూతురుంది. నెలకు ఒక్కసారే చూడనిచ్చేవారు. ఆమె సుప్రీంకోర్టుకెక్కింది. 1981 జనవరిలో జస్టిస్ భగవతి, జస్టిస్ సయ్యద్ ముర్తజా ఫజల్ అలీ ఆ నిబంధనను కొట్టేశారు. ఇంటివాళ్లను కలుసుకోవడం ఆర్టికల్ 21 ఇచ్చిన జీవించే హక్కులో భాగమన్నారు. వారానికి కనీసం రెండు ములాఖాత్‌లు ఇమ్మన్నారు.

తర్వాతి మెట్టు మన రాష్ట్రం పేరుతోనే ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు పిల్లల సంగతి తేల్చింది. ఆరేళ్ల దాకా పిల్లలు ఖైదీ తల్లి దగ్గర ఉండొచ్చు. సర్కారీ హోమ్‌లో ఉంచిన పిల్లలకు వారానికి ఒక్కసారైనా తల్లిని చూపించాలి. 2022 సెప్టెంబరులో పంజాబ్ ఇంకో అడుగేసింది. కొన్ని జైళ్లలో భార్యాభర్తలు విడిగా గదిలో కలుసుకునే వీలు కల్పించింది.

ఇన్ని ఫైసలాలు వచ్చినా మన మొహల్లాల్లో ఒక జాలీ మిగిలే ఉంది. అది షరమ్. ‘అబ్బా ఏరీ?’ అని పిల్లలడిగితే ‘దుబాయ్ వెళ్లారు’ అంటాం. పిల్లలకు ఒకరోజు ఎలాగూ తెలుస్తుంది, అదీ స్కూల్లో ఇంకెవరి నోటో. తండ్రి కసూర్ ఉందో లేదో అదాలత్ చూసుకుంటుంది. బిడ్డ మాత్రం ఏ కసూర్ చేయలేదు.

నానీమా ఇప్పుడు లేదు. ఉంటే ఈ ఫైసలాలన్నీ ఉర్దూలో చదివి వినిపించేవాణ్ని. అప్పుడైనా ఆ సిపాయికి చేతులెత్తడం మానేదేమో. లోపల మనవాళ్లున్న ఇళ్లవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ములాఖాత్ రోజున తలెత్తుకుని వెళ్లండి. పిల్లల్నీ తీసుకెళ్లండి.