నెత్తురు చెప్పిన సాక్ష్యము

ఊపిరి ఆడుచున్నదో లేదో తెలిసికొనుటకు ముక్కు వద్ద వ్రేలుంచి చూచుట మన యిండ్లలో అందరు ఎరిగినదే. కాని ఊపిరి చాలినంత ఆడుచున్నదా అను ప్రశ్నకు వ్రేలు బదులు చెప్పజాలదు. ఆ బదులు రక్తమునందున్నది. దానిని చదువుట వైద్యులెట్లు నేర్చిరో మేమిందు చెప్పదలచితిమి.

మనము పీల్చిన ప్రాణవాయువును రక్తము ఒడలంతటికి మోసికొనిపోవును. ఒడలిలో పుట్టిన బొగ్గుపులుసు వాయువును ఊపిరితిత్తులకు తెచ్చి విడుచును. 1837లో బెర్లిను నగరమున మాగ్నస్ అను శాస్త్రజ్ఞుడు గుర్రముల నెత్తురునుండి ఈ వాయువులను వెలికి తీసి కొలిచెను. బొగ్గుపులుసు వాయువు నీట కలిసిన ఆమ్లమగును. రక్తములోని బైకార్బనేటు అను క్షారము దానిని సరితూచుచుండును. ఈ తూకమును తెలుపు అంకెయే పి.హెచ్. ఆరోగ్యవంతుని ధమని రక్తములో అది 7.35కును 7.45కును నడుమ నుండును. అంతకు తగ్గినచో ఆమ్లమును, పెరిగినచో క్షారమును పైచేయి యైనవని అర్థము.

1952లో డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగన్‌లో పోలియో చెలరేగెను. బ్లెగ్డామ్ ఆసుపత్రిలో పెద్ద శ్వాసయంత్రమొకటియు, రొమ్ముకు తొడుగు చిన్న యంత్రములారును మాత్రమే యుండెను. ఊపిరి చచ్చుబడి, మొదటి మూడు వారములలో యంత్రచికిత్స పొందిన 31 మందిలో 27 మంది మరణించిరి. రోగుల రక్తములో బొగ్గుపులుసు వాయువు మొత్తము హెచ్చుగా కనబడెను. అయితే ఆనాటి కొలతలో వాయువును, బైకార్బనేటును కలిసియే లెక్కకు వచ్చుచుండెను. అందుచే అది క్షారము హెచ్చుటయేయని వైద్యులు తలచిరి.

మత్తుమందు వైద్యుడగు బ్యోర్న్ ఇబ్సెన్ దీనికి సమ్మతింపలేదు. ఊపిరి చాలక వాయువు లోపల నిలిచిపోవుచున్నదని ఆయన వాదము. ఆగస్టు 27న పండ్రెండేండ్ల బాలిక గొంతులో రంధ్రము చేయించి, గొట్టము అమర్చి, రబ్బరు సంచిని చేత నొక్కుచు ఊపిరి పోసెను. బాలిక తేరుకొనెను. ప్రయోగశాలాధిపతియగు పౌల్ ఆస్ట్రప్ రోగుల రక్తపు పి.హెచ్. కొలిచి చూడగా అది ఆమ్లము వైపునకే వ్రాలియుండెను. పిదప సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు సంచులు నొక్కిరి. చనిపోవువారి సంఖ్య సగమునకు లోపుగా దిగెను.

ఆ యవసరమే క్రొత్త పరికరములకు త్రోవ చూపెను. 1954లో అమెరికాలో రిచర్డ్ స్టో బొగ్గుపులుసు వాయువును కొలుచు ఎలక్ట్రోడును, 1956లో లీలాండ్ క్లార్క్ ప్రాణవాయువును కొలుచుదానిని ప్రకటించిరి. సెవరింగ్‌హౌస్, బ్రాడ్లీ అనువారు 1958లో వీనిని ఒకే పరికరమున కూర్చిరి. నేడు కొద్దిపాటి నెత్తురుతో కొన్ని నిమిషములలో ఫలితము తెలియును. శస్త్రచికిత్సకై మత్తులోనున్న గుర్రమునకును, మంచముపైనున్న మనిషికిని పరీక్ష యొక్కటే.

కోపెన్‌హేగన్‌లో వైద్యులు చూచిన అంకె తప్పు కాదు. దాని అర్థమే తారుమారైనది. రెండవ కొలత తోడైన పిదపనే మొదటి కొలతలోని నిజము బయటపడెను.